దిగిపోవడం తెలిసిన దొర
మద్రాసు ఆఖరి బ్రిటిష్ గవర్నరు సర్ ఆర్చిబాల్డ్ నై

రవి అస్తమించని బ్రిటిష్ సామ్రాజ్యం అనే మాట బడిలో చదువుకోనివారు మనలో ఉండరు. అరసవల్లిలో కాపురమున్న వారికి మాత్రం ఆ మాట ఎప్పుడూ కాస్త నవ్వు పుట్టిస్తుంది. ఇది సూర్యదేవాలయానికి పేరుపడ్డ ఊరు. ఏటా మార్చిలో ఒకమారు, అక్టోబరులో ఒకమారు ఉదయకిరణాలు గర్భగుడిలోని మూర్తి పాదాలను తాకే వేళ చూడడానికి ఎక్కడెక్కడి నుండో జనం వస్తారు. పొద్దు రాకపోకలను ఇంత లెక్కగా కనిపెట్టి చూసే ఊరివాళ్లకు అస్తమించని సూర్యుడు ఒకడున్నాడంటే నమ్మకం ఎలా కుదురుతుంది? పొడిచిన పొద్దు గూకక తప్పదు. సామ్రాజ్యాల సంగతీ అంతే.

అయితే ఆ సామ్రాజ్యం మన గడ్డ మీదికి ఎలా వచ్చిందో మనకు కథలు కథలుగా తెలుసు. 1794లో పద్మనాభం యుద్ధంలో విజయనగరం ప్రభువు విజయరామరాజు కంపెనీ సేనలతో పోరాడి నేలకొరిగిన కథ మన ప్రాంతంలో అందరూ ఎరిగినదే. ఆ దొరతనం ఎలా వెళ్లిపోయిందో చెప్పుకోవడం మాత్రం తక్కువ. ఇంట్లో అత్తగారు కోడలి చేతికి తాళంచెవుల గుత్తి అప్పగించే రోజు ఒకటి ఉంటుంది. కొందరు అత్తలు గుత్తి ఇచ్చి, ఆ తరువాత కూడా రోజూ వంటింట్లోకి తొంగిచూస్తూనే ఉంటారు. కొందరు గుత్తి ఇవ్వకుండానే కన్నుమూస్తారు. ఇచ్చి, పక్కకు తొలగి, అడిగితే సాయం చేసేవారు ఏ ఇంట్లోనైనా అరుదు. మద్రాసు రాష్ట్రపు తాళంచెవులు అప్పగించిన ఒక దొరను గురించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఆయన పేరు సర్ ఆర్చిబాల్డ్ నై.

మన సంఘపు శతవార్షికోత్సవ సంచికలో ఒక గవర్నరు కథ ఎందుకని పాఠకులు అడగవచ్చు. నాకు రెండు కారణాలు తోచాయి. క్రైస్తవులను చూసి దొరల మతం వాళ్లు అనే మాట మనలో వినని వారుండరు. ఆ మాటకు జవాబు చెప్పాలంటే దొరలంటే ఎవరో, వారిలో ఎవరు ఏమి చేశారో మనకే సరిగా తెలిసి ఉండాలి. ఇక రెండవది, మన సంఘాలలో కూడా అధికారం పరాయి చేతుల నుండి మన చేతులకు వచ్చింది ఆ రోజుల్లోనే. ఆ విషయం చివర చెప్పుకుందాం.

శికాకోలు సర్కారు నుండి సెయింట్ జార్జి కోట దాకా

ఉత్తర సర్కారులు అయిదింటిలో ఉత్తరాన ఉన్నది శికాకోలు సర్కారు. అంటే మన శ్రీకాకుళం పేరు మీద నడిచినదే. 1765లో మొగలాయి చక్రవర్తి ఫర్మానాతో ఈ సర్కారులు ఈస్టిండియా కంపెనీకి దక్కాయి. మరుసటి ఏడు నిజాముతో ఒడంబడిక జరిగింది. అప్పటి నుండి 1947 దాకా, సుమారు 180 ఏళ్లు, మన మంచిచెడ్డలు మద్రాసులోని సెయింట్ జార్జి కోటలో తేలేవి. నేటి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు స్వాతంత్ర్యం నాటికి ప్రధానంగా విశాఖపట్నం జిల్లాలోని భాగాలు. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న ఏర్పడింది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది.

గవర్నరంటే ఆ రోజుల్లో ఇప్పటి గవర్నరు వంటి వాడు కాదు. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం మంత్రులను ఇచ్చింది గాని, అసలు కొరడా గవర్నరు చేతిలోనే ఉంచింది. కొన్ని విషయాలలో మంత్రులను అడగనక్కరలేదు. మరికొన్నిటిలో అడిగినా వారి మాట వినవలసిన పనిలేదు. 93వ సెక్షను ప్రకారం మంత్రివర్గం నడవని పరిస్థితి వస్తే పరిపాలన మొత్తం తానే చేపట్టవచ్చు. ఇంతటి అధికారానికి తోడు మద్రాసు గవర్నరుకు చట్టం నిర్ణయించిన జీతం ఏడాదికి 1,20,000 రూపాయలు.

ఆ 93వ సెక్షను కాగితం మీది మాట కాదు. రెండవ ప్రపంచయుద్ధంలోకి భారతదేశాన్ని అడగకుండా దింపినందుకు 1939 అక్టోబరులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా ఇచ్చింది. ఆనాటి నుండి 1946 ఏప్రిల్ వరకు, ఆరేళ్లకు పైగా, మద్రాసు రాష్ట్రాన్ని గవర్నరే ఏలాడు. ఆ రోజుల్లోనే, 1940 ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులు జరిగాయి. రైతుల పక్షాన నిలబడిన గర్భవతి గున్నమ్మ ఆ కాల్పుల్లో ప్రాణం విడిచింది. వీరగున్నమ్మ అని మనం తలుచుకునేది ఆమెనే. అడవిలో కట్టెపుల్ల కోసం, పొలం మీద హక్కు కోసం మందస రైతులు చేసిన పోరాటం అది. గవర్నరు పాలన అంటే ఏమిటో మన జిల్లా ప్రజలకు పుస్తకాలు చెప్పనక్కరలేదు.

ఇంకొక ఉదాహరణ కూడా చెప్పాలి. మన్యంలో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటును అణచడానికి 1924లో ప్రత్యేక కమిషనరుగా వచ్చిన వాడు మద్రాసు రాష్ట్రపు సివిల్ సర్వీసు అధికారి టి.జి. రూథర్‌ఫర్డ్. ఆ ఏడాది మే 7న సీతారామరాజును కొయ్యూరు దగ్గర కాల్చి చంపారు. అదే రూథర్‌ఫర్డ్ తరువాత మెట్టుమీద మెట్టు ఎక్కి 1943లో బీహారు గవర్నరయ్యాడు. ఆ ఏడే బెంగాలు కరవు ముమ్మరంగా ఉన్నప్పుడు కొన్ని నెలలు ఆ రాష్ట్రానికి తాత్కాలిక గవర్నరుగా కూడా ఉన్నాడు. పాతతరం దొరల ఎదుగుదల ఏ దారిన సాగిందో చూపడానికి ఈ ఒక్క జీవితం చాలు.

ఇంతటి దొరతనానికి పొద్దు వాలిందని మన తీరవాసులకు ముందే తెలిసింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. సింగపూరు, రంగూన్ అప్పటికే పడిపోయాయి. మద్రాసులో ప్రభుత్వ కార్యాలయాలు చాలా భాగం లోపలి ఊళ్లకు తరలిపోయాయి. తన రేవును తాను కాపాడుకోలేని ప్రభువు ఇంకెవరిని కాపాడతాడు? జనం మనసుల్లో ఆనాడే ఆ దొరతనం సగం దిగిపోయింది.

సిపాయి కొడుకు

ఇక నై గారి సంగతి. గవర్నర్లుగా వచ్చేవారిలో చాలామంది పెద్ద పెద్ద ప్రభు కుటుంబాలవారు. ఈయన అలాంటివాడు కాదు. 1895 ఏప్రిల్ 23న డబ్లిన్ నగరంలో పుట్టాడు. తండ్రి సైన్యంలో సార్జెంటు మేజరు. అంటే సిపాయిగా చేరి పైకి వచ్చినవాడే గాని ఆఫీసరు కాదు. కుర్రవాడు చదువుకున్నది డోవరులో సిపాయిల పిల్లల కోసం నడిచే బడిలో. 1914లో యుద్ధం వచ్చినప్పుడు మామూలు సిపాయిల వరుసలోనే ఫ్రాన్సు వెళ్లాడు. కందకాలలో పనితనం చూసి 1915 చివర లీన్‌స్టర్ రెజిమెంటులో ఆఫీసరుగా తీసుకున్నారు. ధైర్యసాహసాలకు మిలిటరీ క్రాస్ పతకం వచ్చింది.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. లీన్‌స్టర్ రెజిమెంటు ఐర్లాండువారి పటాలం. 1922లో ఐర్లాండులో అధికభాగం బ్రిటిష్ పాలన నుండి విడివడి స్వతంత్ర రాజ్యంగా ఏర్పడినప్పుడు, ఆ ప్రాంతపు పటాలాలను రద్దు చేశారు. లీన్‌స్టర్ రెజిమెంటు కూడా రద్దయింది. ఆ పటాలాలవారు తమ పతాకాలను విండ్సర్ కోటలో రాజుగారికి అప్పగించి సెలవు తీసుకున్నారు. నై మరో రెజిమెంటుకు మారవలసి వచ్చింది. అంటే తాను పుట్టిన ఊరి మీద నుండి బ్రిటిష్ జెండా దిగడం, తాను పోరాడిన పటాలం పేరే లేకుండా పోవడం ఆయన ఇరవై ఏడేళ్ల వయసులోనే చూశాడు. మద్రాసులో జెండా దిగడం ఆయన జీవితంలో మొదటిది కాదు.

సైన్యంలో ఉంటూనే న్యాయశాస్త్రం చదివి 1932లో బారిస్టరయ్యాడు. రెండవ ప్రపంచయుద్ధం మొదట్లో కొంతకాలం మన దేశంలోనే వాయవ్య సరిహద్దున నౌషేరా బ్రిగేడును నడిపాడు. తరువాత లండను వెళ్లి 1941 డిసెంబరు నాటికి బ్రిటిష్ సైన్యంలో రెండవ స్థానం అనదగిన వైస్ చీఫ్ పదవికి చేరాడు. మొదటి స్థానానికి కూడా చర్చిల్ ఆయన పేరు ఆలోచించాడని చెబుతారు. సిపాయి వరుసల నుండి వచ్చిన వాడికి అది ఎంతటి ఎదుగుదలో చెప్పనక్కరలేదు.

ఈ ఉద్యోగంలో ఉండగా జరిగిన ఒక చిత్రమైన సంగతి ప్రపంచానికంతా తెలిసింది. 1943లో మిత్రరాజ్యాలు సిసిలీ ద్వీపం మీద దిగాలని నిర్ణయించాయి. ఆ సంగతి జర్మనులకు తెలియకూడదు. అందుకని ఒక అనాథ శవానికి మేజరు దుస్తులు తొడిగి, ఒంటికి ఒక తోలు సంచీ గొలుసుతో తగిలించి, స్పెయిను తీరం దగ్గర సముద్రంలో వదిలారు. ఆ సంచీలో జనరల్ అలెగ్జాండరుకు రాసిన ఒక ఉత్తరం ఉంది. దాడి గ్రీసు వైపున జరుగుతుందని అనుకునేలా రాసిన ఉత్తరం అది. దాని కింద ఉన్నది నై సంతకం. నమ్మకం కుదరాలంటే నిజమైన పెద్ద అధికారి రాసిన ఉత్తరమే కావాలి గనుక ఆయన చేతనే రాయించారు. ఉత్తరం జర్మనుల చేతికి చిక్కింది. వారు నమ్మారు. జూలై 10న సిసిలీ మీద దిగినప్పుడు జర్మను బలగాలు కొన్ని మరోచోట కాచుకుని ఉన్నాయి. యుద్ధంలో ఆ సంతకం ఎన్ని ప్రాణాలు కాపాడిందో లెక్క కట్టడం కష్టం.

మద్రాసులో ఇరవై ఎనిమిది నెలలు

ఇటువంటి మనిషి 1946 మేలో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. వచ్చే నాటికి పరిస్థితి మారిపోయింది. ఎన్నికలు జరిగి, 93వ సెక్షను పాలన ముగిసి, ఏప్రిల్ 30న ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారు ప్రధానిగా ప్రమాణం చేశారు. రాష్ట్రపు ముఖ్యమంత్రిని ఆనాడు ప్రధాని అనేవారు. గవర్నరు రావడానికి వారం ముందే ప్రజల మంత్రివర్గం గద్దె మీద ఉన్నది. 1928లో సైమన్ కమిషను వచ్చినప్పుడు మద్రాసు వీధిలో తుపాకులకు ఎదురుగా రొమ్ము చూపిన పంతులుగారు ఇప్పుడు సెయింట్ జార్జి కోటలో ప్రధాని. ఆయనతో కలిసి పనిచేయవలసిన గవర్నరు ఒక సైన్యాధికారి. మన గిరిగారు, అంటే తరువాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరిగారు, ఆ మంత్రివర్గంలో ఉన్నారు. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజావారిని ఓడించినది ఆయనే. ఆ ఏడే మద్రాసు శాసనసభకు దళితుడైన జె. శివషణ్ముగం పిళ్లైగారు స్పీకరయ్యారు. ఈ మార్పులేవీ గవర్నరు ఇచ్చిన కానుకలు కావు. జనం ఓటుతో తెచ్చుకున్నవి.

1947 మార్చిలో ప్రకాశంగారి మంత్రివర్గం స్వపక్షంలోని చీలికల వల్ల పడిపోయి, ఓమందూరు రామస్వామి రెడ్డియారుగారు ప్రధాని అయ్యారు. పాత కాలపు గవర్నరుకు ఇది మంచి అవకాశం. మంత్రులలో మంత్రులకు పడనప్పుడు మళ్లీ 93వ సెక్షను తీయవచ్చు. నై ఆ పని చేయలేదు. ఒక మంత్రివర్గం పోయింది, ఇంకొకటి వచ్చింది, పాలన సాగింది. తన చేతిలో ఉన్న అధికారాన్ని వాడకుండా ఉండడం కూడా ఒక పాలనాదక్షతే.

ఆ ఇరవై ఎనిమిది నెలల్లో మద్రాసు శాసనసభ చేసిన చట్టాలు మన ప్రాంతానికి చాలా ముఖ్యమైనవి. జమీందారీలలో శిస్తును పక్క రైత్వారీ గ్రామాల స్థాయికి దించడానికి 1947లో శిస్తు తగ్గింపు చట్టం వచ్చింది. విజయనగరం, బొబ్బిలి, మందస, టెక్కలి వంటి ఎస్టేటుల కింద నలిగిన రైతుకు ఇది మొదటి ఊపిరి. 1937లో ఇచ్ఛాపురం నుండి మద్రాసు దాకా కాలినడకన రైతులు చేసిన రక్షణ యాత్ర, 1938 నాటి ప్రకాశం కమిటీ నివేదిక, గున్నమ్మ నెత్తురు, ఇవన్నీ ఆ చట్టం వెనుక ఉన్నాయి. దాని వెంటనే ఎస్టేటుల రద్దుకు 1948 నాటి 26వ చట్టం వచ్చి, 1949 నుండి జమీందారీలు ప్రభుత్వపరం కాసాగాయి. తరతరాలుగా కంపెనీ దొరలు, తరువాత రాణి ప్రభుత్వం కొమ్ముకాసిన జమీందారీ పద్ధతికి పునాది కదిలింది ఒక బ్రిటిష్ గవర్నరు కోటలో కూర్చుని ఉండగానే.

నాడు హరిజనులని పిలిచిన దళితులకు గుడి తలుపులు తెరిచే ఆలయ ప్రవేశ చట్టం కూడా 1947లోనే వచ్చింది. ఆ చట్టం అరసవల్లి గుడి వాకిలికీ వర్తించింది. మన సంఘాలలో ఎన్నో కుటుంబాల పూర్వీకులు ఏ వాకిలి ముందు నిలబడలేకపోయారో గుర్తున్నవారికి ఆ చట్టం విలువ తెలుస్తుంది. దేవదాసీలను అర్పించే ఆచారాన్ని నిషేధించిన చట్టం కూడా ఆ రోజులదే.

అన్నీ మెచ్చుకోదగినవే అంటే చరిత్రకు ద్రోహం చేసినట్లే. 1947 జనవరిలో శాంతిభద్రతల పేరుతో ఆర్డినెన్సు వచ్చింది. కొద్దికాలానికే అది ఆ సంవత్సరపు 1వ నంబరు చట్టమయింది. విచారణ లేకుండానే మనుషులను జైలులో ఉంచే అధికారం దానివల్ల ప్రభుత్వానికి దక్కింది. కమ్యూనిస్టులను, కార్మిక నాయకులను ఎందరినో దాని కింద పట్టుకున్నారు. కోరినది ప్రజల మంత్రివర్గమే. కాని ఆర్డినెన్సు గవర్నరు పేరు మీద వచ్చింది. పరాయి ప్రభువు చేతిలోని కొరడాను మన మంత్రులు తాము అందుకున్న రోజుల్లోనే అది మనవారి వీపు మీద కూడా ఆడిందని ఒప్పుకోక తప్పదు.

జెండా మారిన నాడు

1947 ఆగస్టు 15. సెయింట్ జార్జి కోట మీద త్రివర్ణ పతాకం ఎగిరింది. మూడు వందల ఏళ్లకు పైగా అక్కడ పరాయి జెండాయే ఉండేది. ఆనాటికి చాలా రాష్ట్రాలలో బ్రిటిష్ గవర్నర్లు మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయారు. బెంగాలుకు రాజాజీ, ఒరిస్సాకు కైలాసనాథ్ కట్జూ, బీహారుకు జయరామదాస్ దౌలత్‌రామ్, సంయుక్త రాష్ట్రాలకు సరోజినీదేవి గవర్నర్లయ్యారు. భారతదేశంలో మిగిలిన బ్రిటిష్ గవర్నర్లు ఇద్దరే. బొంబాయిలో సర్ జాన్ కాల్విల్, మద్రాసులో నై. కాల్విల్ 1948 జనవరిలో వెళ్లిపోయాడు. అప్పటి నుండి సెప్టెంబరు వరకు దేశం మొత్తం మీద మిగిలిన బ్రిటిష్ గవర్నరు నై ఒక్కడే.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా గ్రహించాలి. ఆగస్టు 15 తరువాత గవర్నరును నియమించేది లండను కాదు. ఢిల్లీలోని నెహ్రూగారి మంత్రివర్గం సలహా మీద గవర్నరు జనరలు నియమించాలి. అంటే నై కొనసాగింది మనవారు వద్దనక, కావాలని ఉంచుకోబట్టి. అంతేకాదు, 1935 చట్టంలోని గవర్నరు ప్రత్యేకాధికారాలను ఆ ఆగస్టులోనే తొలగించారు. 93వ సెక్షను పోయింది. అంతకు ముందు రోజు దాకా మంత్రుల మాట కాదనగలిగిన మనిషి మరునాటి నుండి మంత్రులు చెప్పిన చోట సంతకం పెట్టవలసిన మనిషి అయ్యాడు. అదే భవనం, అదే కుర్చీ. అధికారం మాత్రం లేదు. ఎందరో దొరలు దీనికి మనసొప్పక ఇంటి దారి పట్టారు. నై ఉండిపోయి, ఏడాదికి పైగా ఆ పని చేశాడు.

ఇంతకన్నా పెద్ద తిరుగుడు 1948 జూన్ 21న జరిగింది. లార్డ్ మౌంట్‌బాటెన్ వెళ్లి, చక్రవర్తుల రాజగోపాలాచారి గవర్నరు జనరలయ్యారు. రాజాజీ మద్రాసు రాష్ట్రపు మనిషి. ఉప్పు సత్యాగ్రహంలో వేదారణ్యానికి నడిచి జైలుకు వెళ్లినవాడు. 1937లో ఈ మద్రాసుకే ప్రధాని అయి, 1939లో గవర్నరుకు రాజీనామా ఇచ్చి వెళ్లినవాడు. ఇప్పుడు మద్రాసు గవర్నరుగా ఉన్న దొరకు ఆయనే పై అధికారి. ఎవరిని మద్రాసు ప్రభుత్వం కటకటాల వెనుక పెట్టిందో ఆయన కింద మద్రాసు గవర్నరు పనిచేశాడు. ఇటువంటి దృశ్యాన్ని చూసిన దేశాలు లోకంలో ఎన్నో లేవు. వలస రాజ్యం విడిచిపోయేటప్పుడు నెత్తురు, మంట, పగ మిగిలిన దేశాలే ఎక్కువ. మన దేశంలో కూడా పంజాబులో, బెంగాలులో జరిగిన దారుణం చిన్నది కాదు. దక్షిణాదిన ఆ ఘోరం లేకపోవడానికి ముఖ్య కారణం ఇక్కడి ప్రజలే. అయితే గవర్నరు భవనంలో కూర్చున్న మనిషి అహంకారం లేనివాడు కావడం కూడా ఒక చిన్న కారణమని నా నమ్మకం.

1948 సెప్టెంబరు 7న నై పదవి విడిచాడు. ఆ స్థానంలో భావనగర్ మహారాజా కృష్ణకుమార్ సింహ్‌జీ వచ్చారు. తన సంస్థానాన్ని ముందుగా ప్రజలకు అప్పగించి పేరుపొందిన ప్రభువు ఆయన. తాళంచెవులు అప్పగించిన ఒకరి తరువాత మరొకరు అదే కుర్చీలోకి రావడం చక్కగా కుదిరింది.

మళ్లీ అతిథిగా

కథ అంతటితో ముగియలేదు. అదే సంవత్సరం చివర నై మళ్లీ మన దేశానికే వచ్చాడు. ఈసారి ప్రభువుగా కాదు, బ్రిటన్ హైకమిషనరుగా, అంటే రాయబారిగా. ఢిల్లీలో 1952 దాకా ఉన్నాడు. నిన్నటి దాకా ఏలిన దేశంలో ఇవాళ అనుమతి తీసుకుని అడుగుపెట్టే అతిథి.

ఆ రోజుల్లోనే ఒక పెద్ద ప్రశ్న తేలింది. రాజును వద్దనుకుని రిపబ్లిక్కు కాదలచిన భారతదేశం కామన్‌వెల్త్‌లో ఉండవచ్చునా? 1949 ఏప్రిల్ 28న లండనులో జరిగిన ప్రకటనతో దారి దొరికింది. రాజుకు మనం ప్రజలం కాము, కాని దేశాల కూటమికి ఆయన గుర్తుగా ఉంటాడు అని ఒప్పందం. సరిగ్గా పది రోజుల ముందు, ఏప్రిల్ 18న, నై పుట్టిన ఐర్లాండు రిపబ్లిక్కయి కామన్‌వెల్త్ నుండి పూర్తిగా తప్పుకుంది. పుట్టిన దేశం తలుపు మూసుకుని వెళ్లింది. తాను దూతగా ఉన్న దేశం తలుపు తెరిచే ఉంచింది. ఒకే మనిషి జీవితంలో ఈ రెండూ ఒకే నెలలో జరగడం విచిత్రం.

ఢిల్లీ తరువాత 1956 దాకా కెనడాలో హైకమిషనరుగా ఉన్నాడు. కెనడా అనగానే మన వైపు పెద్దలకు బాప్టిస్టు మిషను గుర్తుకు వస్తుంది. శ్రీకాకుళం, బొబ్బిలి, భీమునిపట్నం ప్రాంతాలకు బడులు, ఆసుపత్రులు తెచ్చినవారు ఆ దేశపు మిషనరీలే. నై 1967 నవంబరులో కన్నుమూశాడు.

మనం నేర్వదగినది

1947 సెప్టెంబరు 27న, అంటే స్వాతంత్ర్యం వచ్చిన 43వ రోజున, మద్రాసులోని సెయింట్ జార్జి కథీడ్రలులో దక్షిణ ఇండియా సంఘం ఆరంభమయింది. ఆంగ్లికను, మెథడిస్టు, దక్షిణ ఇండియా ఐక్య సంఘాలవారు ఒక్కటయ్యారు. ఆరాధన నడిపించినది భారతీయుడైన బిషప్ సి.కె. జేకబ్‌గారు. మొదటి మోడరేటరు మాత్రం దొరయే, మద్రాసు బిషప్ మైకేల్ హాలిస్. అప్పటికి ముప్పై అయిదేళ్ల క్రితమే, 1912లో, వి.యస్. అజరయ్యగారు దోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొంది దారి చూపారు. అంటే కోటలో జరిగినదే గుడిలోనూ జరిగింది. ఒక దొర కొంతకాలం ఉన్నాడు, కాని యజమానిగా కాదు. నిర్ణయం మన చేతికి వచ్చింది. ఈ విషయం ఎరిగినవారు దొరల మతం అనే మాటకు తొణకనక్కరలేదు. దొరలు వచ్చారు, కొందరు మంచి చేశారు, కొందరు చెరుపు చేశారు, అందరూ వెళ్లారు. సంఘం మిగిలింది.

నై గారిని మనం నెత్తిన పెట్టుకోనక్కరలేదు. మన స్వాతంత్ర్యం ఆయన ఇచ్చినది కాదు. గున్నమ్మ, సీతారామరాజు, ఇచ్ఛాపురం నుండి నడిచిన పేరు తెలియని రైతులు సంపాదించినది. సామ్రాజ్యపు సొమ్ముతోనే ఆయన గవర్నరు భవనంలో ఉన్నాడు. ఆయన పేరు మీద వచ్చిన ఆర్డినెన్సుతో జైలుకు వెళ్లినవారు ఉన్నారు. ఇవన్నీ ఒక పక్కన పెట్టి చూసినా, ఎదుటివారి సొత్తును ఎదుటివారికి అప్పగించవలసి వచ్చినప్పుడు ఆయన గొడవ చేయలేదు. కుర్చీలో అధికారం లేకపోయినా కుర్చీ పనిని చులకన చేయలేదు. తన కింద ఉండవలసినవాడు తన పైకి వస్తే ముఖం చిట్లించలేదు. సిపాయి వరుసలలో నిలబడి వచ్చిన వాడు గనుక, ఉత్తరువు ఇవ్వడం ఒక పని, ఉత్తరువు పాటించడం ఒక పని అని ఆయనకు తెలిసి ఉండాలి.

పదవిలోకి రావడం ఎలాగో మన అందరికీ తెలుసు. సంఘ కమిటీలలో, బడి కమిటీలలో, కోశాధికారి పుస్తకాల దగ్గర, యువజన సమాజాలలో ఎన్నికలప్పుడు ఆ విద్య ఎంత బాగా తెలుసో చూస్తూనే ఉంటాం. దిగడం ఎలాగో తెలిసినవారు తక్కువ. లెక్కల పుస్తకం ఇవ్వడానికి ఆరు నెలలు తిప్పించుకునేవారు, తాళంచెవి ఇచ్చి బీరువా రహస్యం చెప్పనివారు, దిగిన నాటి నుండి ఆ గుమ్మం తొక్కనివారు మన కళ్ల ఎదుటే ఉన్నారు. మనకు ఇచ్చినది యజమానత్వం కాదు, గృహనిర్వాహకత్వం అని ఆదివారం వింటాం. సోమవారం మరచిపోతాం. నూరేళ్లలో ఎన్ని తరాలు ఈ సంఘపు తాళంచెవులు పట్టుకుని అప్పగించి వెళ్లాయో ఈ శతవార్షికోత్సవంలో ఒక్క క్షణం తలుచుకోవడం మంచిది. మన వంతు కూడా వస్తుంది.

అరసవల్లిలో సాయంత్రం వేళ పొద్దు పడమటికి వాలుతుంది. దానికి ఎవరూ దుఃఖించరు. పగలంతా తన పని చేసి, వేళకు దిగి, రేపటికి చోటు ఇచ్చే పొద్దును చూసి జనం దీపాలు వెలిగించుకుంటారు. అధికారంలో ఉన్నవారెవరైనా ఆ పాటి మర్యాద నేర్చుకుంటే ఊరికీ సంఘానికీ మేలు.